చెట్టెక్కే మనిషిని పిలిచే ముందు
(విశాఖపట్నం, ఎంవీపీ కాలనీలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగం)

కాలనీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

రెండు కర్రముక్కలు తెచ్చాను. రెండూ వేపవే. కాలువ పనికి అడ్డమని తీసేసిన చెట్లవి, ఒకే వీధిలోవి. ఈ మొదటిది చూడండి. కొమ్మ కోసిన చోట చుట్టూ కొత్త బెరడు గారె అంచులా ఉబ్బి, నడుమ రూపాయి బిళ్లంత చోటే మిగిలింది. ఇంకో ఏడాది ఉంటే అదీ మూసుకుపోయేది. రెండో ముక్కలో జానెడు మోడు వదిలేసి కోశారు. ఆ మోడు ఎండి, కుళ్లి, మాను లోపలి దాకా తొర్ర పడింది. వేలు పెడితే పొడి రాలుతోంది.

ఈ తేడా అంతా కత్తి ఎక్కడ పెట్టారన్న దాంట్లోనే ఉంది. కొమ్మ మానులోంచి వచ్చే చోట మెడలాగా కాస్త ఉబ్బు ఉంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. గాయాన్ని మూసే శక్తి అక్కడుంది. ఆ ఉబ్బు మీద కోయకూడదు, దానికి దూరంగా మోడూ మిగల్చకూడదు. దాని అంచుకు ఆనించి బయటివైపు కోయాలి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా కోయించి లోపల ఏం జరుగుతుందో చూశాడు. మన చర్మంలా చెట్టు పుండు మానదట. పాడైన భాగం చుట్టూ గోడ కట్టి, దాని మీద కొత్త కర్ర పెంచుకుంటుంది. కోసిన చోట తారు, పెయింటు పూస్తే కుళ్లు ఆగదని కూడా ఆయన పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఆ డబ్బా ఖర్చు మానేయండి.

లావు కొమ్మను ఒకే వేటుతో దించకూడదు. మానుకు అడుగు దూరంలో ముందు కిందినుంచి మూడోవంతు కోత, తర్వాత ఇంకాస్త బయటికి జరిగి పైనుంచి కోత. కొమ్మ పడిపోయాక, మిగిలిన ముక్కను మెడ దగ్గర మూడో కోత. ఇలా చేయకపోతే కొమ్మ తన బరువుకు విరిగి, మాను బెరడును అరటి తొక్కలా కిందికి లాక్కుపోతుంది.

ఇదంతా నాకు ముందే తెలిసి ఉంటే మా పెరటి మామిడి బతికేది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద పడింది. మరునాడు కైలాసగిరి నిప్పంటుకున్నట్టు గోధుమరంగులో కనబడింది. మా మామిడి రెండు కొమ్మలు పోగొట్టుకుని నిలబడింది, నెలలోపే చిగురు వేసింది. మళ్లీ తుఫాను వస్తే ఇంటి మీద పడుతుందేమోనని నాకే టెన్షన్. తర్వాతి వేసవిలో ఒకతన్ని పిలిచాను. "ఎంతవరకు కొడతావు బాబూ?" అంటే "పైనంతా చదును చేసేస్తానండి, కలప నాకొదిలేయండి, డబ్బులేమీ వద్దు" అన్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాను. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, నీడ పోయిన మామిడి బెరడు పగలదా? ఆ పగుళ్లలో కాండం తొలిచే పురుగు చేరింది. రెండేళ్లలో చెట్టు పోయింది.

అతన్ని తప్పుపట్టడం లేదు. కూలి కలపలో ఇస్తే ఎవరైనా లావు కొమ్మే కోస్తారు. చెట్టుకు కావలసింది ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీయడం. వాటిలో కలప ఏముంటుంది? అందుకే చేతులు జోడించి అడుగుతున్నాను, కూలి డబ్బుగా ఇవ్వండి. రోజు కూలి మాట్లాడుకోండి, కలప మీ దగ్గరే ఉంచుకోండి.

మన ఊళ్లో చెట్ల పని చేసేవాళ్లు చాలామంది అడ్డాల దగ్గర దొరికేవాళ్లే. వాళ్లలో మంచి పనివాళ్లున్నారు. పనివాణ్ణి ముందు చెట్టు చుట్టూ తిప్పి, "ఏది తీస్తావు, ఏది ఉంచుతావు?" అని అడగండి. పైకి చూసి, మొదలు దగ్గర పుట్టగొడుగులున్నాయా, నేల పగిలిందా అని కూడా చూసే మనిషయితే నమ్మండి. "మొత్తం కొట్టేద్దాం" అనేవాడికి మర్యాదగా నమస్కారం పెట్టేయండి. ఏడాదిలో ఆకుల్లో పావువంతుకు మించి తీయనివ్వకండి, ముసలి చెట్టుకు అంత కూడా వద్దు. లోపలి చిన్న కొమ్మలన్నీ గీకేసి చివర గుత్తులు వదిలేస్తే గాలికి విరగడం ఎక్కువవుతుంది. మీరు పిలిచిన పనివాడు ఇంతకుముందు చేసిన చెట్టు ఏదైనా ఉంటే వెళ్లి చూడండి.

తాడు, నడుముకు బెల్టు, హెల్మెట్ లేకుండా ఎవరినీ ఎక్కించకండి. ఆయన కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లుంటారు. కరెంటు తీగల దగ్గరి కొమ్మ జోలికి అసలు పోనివ్వద్దు. 1912కి ఫోన్ చేసి, మనకు కరెంటిచ్చే ఈపీడీసీఎల్ సంస్థ వాళ్లు లైన్ ఆపాకే ఆ పని. చెట్టునే తీసేయాల్సి వస్తే 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, సొంత స్థలంలోదైనా అనుమతి సంగతి ముందు కనుక్కోండి. కొన్ని రకాలకు మినహాయింపులున్నాయి.

తుఫాన్ల కాలానికి ముందే, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎండుకొమ్మలు తీయించండి. మామిడికి కాయ దింపాక.

ఇక వేళ్లు. తల్లివేరు పాతాళానికి పోతుందనుకుంటాం. నిజానికి నీళ్లు తాగే వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పాకి ఉంటాయి. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే వాటికి గాలీ నీరూ అందవు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. మన వీధిలో ఆ మీటరు వదలడానికి ఎవరి ఆదేశమూ అక్కర్లేదు. రాలిన ఆకులు తగలబెట్టకుండా అక్కడే పరవండి, మానుకు మాత్రం తగలనీయకండి.

ఈ రెండు ముక్కలూ అటు నుంచి ఇటు పంపిస్తున్నాను. ముందు పిల్లలకివ్వండి. ఆ తర్వాత బయట గేటు పక్కన కానుగ ఉంది కదా, టార్చి వేసి దాని కొమ్మ మెడలు అందరం తడిమి చూద్దాం.