ముందు మీటర్ పెట్టుండ్రి

అందరికీ నమస్తే. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ తమ్ముడు ఇప్పుడే చదివిండు, మళ్లా చదివి మీ టైం తియ్యను. దసరాకు బండ్లకు పూజ చేసుకునే రోజు, మన ఆటోనగర్ పోరగాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నరు. కొత్త బండ్ల వైరింగ్ గురించి చెప్దామని కాగితం రాసుకొచ్చిన. కానీ పొద్దున వస్తుంటే తోవల ఒక షాపు ముంగట మళ్లా అదే మాట విన్న: "బ్యాటరీ పోయింది, కొత్తది వేసుకో." ఆ పోరడు బానెట్ ఎత్తి నిమిషం కూడా కాలె. వోల్టులు చూసే మీటర్ పెట్టలె. అందుకే కాగితం జేబుల పెట్టుకుంటున్న.

తమ్ముళ్లూ, బ్యాటరీ దిగిందంటే చెడిపోయినట్టు కాదు. కుండల నీళ్లు లేకుంటే కుండ పగిలిందంటమా? నల్లా రాలేదేమో, ఎవరన్న తోడుకున్నరేమో చూస్తం కద! రాత్రంతా ఆగిన బండికి పొద్దున మీటర్ పెడితే 12.6 వోల్టులుంటే నిండుగ ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే కిందికి పోతే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాక రావాలె. నిండుగ ఉన్న బ్యాటరీ సెల్ఫ్ కొట్టంగనే 9.6 కంటే కిందికి పడితే, అప్పుడు బ్యాటరీని అనుమానించుండ్రి.

పరకాల దిక్కు నుంచి ఒక కాక వచ్చిండు. పెళ్లిళ్లకు, దవాఖానలకు కిరాయికి తోలే బండి ఆయనది. ఎనిమిది నెలల్ల రెండు బ్యాటరీలు మార్పిచ్చిండు, రెండోది చిట్టి ఎత్తి. అయినా పొద్దున సెల్ఫ్ కొడితే గుర్రు గుర్రుమని ఆగిపోతది. పక్క బండి నుంచి జంపర్ కేబుల్ పెడితే మాత్రం ఒక్క దెబ్బకు లేస్తది. ఇగ చూసినోళ్లందరూ బ్యాటరీదే తప్పన్నరు.

ఇంజన్ నడిపిచ్చి, హెడ్‌లైట్లు వేసి మీటర్ పెట్టిన. బ్యాటరీ మీద 13.1. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో వెనక పెద్ద బోల్టుకు, దాని బాడీకి మధ్య 14.3. అంటే డైనమో ఇస్తున్నది, బ్యాటరీకి అందుతలేదు. ఒక పిన్ను బ్యాటరీ మైనస్‌కు, ఇంకో పిన్ను ఇంజన్ ఇనుముకు పెట్టిన. 1.1 వోల్టు! అక్కడ 0.2 కూడా దాటొద్దు. కిందికి దూరి చూస్తే ఇంజన్ నుంచి ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, పోయే అల్లిన రాగి పట్టీ. అదే ఎర్త్ పట్టీ, కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే తోవ. పైకి మంచిగనే ఉన్నది. బోల్టు విప్పితే పచ్చటి చిలుము, సగం పోగులు తెగి వేళ్లకు అంటుకున్నయ్.

మరి జంపర్‌తోని ఎట్ల లేచింది? నల్ల క్లాంపు బ్యాటరీకి కాదు, ఇంజన్ ఇనుముకే పెట్టాలని మనమే చెప్తం. మంచి పద్ధతే. కానీ అట్ల పెట్టినప్పుడు కరెంటు ఆ చెడిపోయిన పట్టీ జోలికి పోకుండనే తిరిగింది. అందరూ బోల్తా పడ్డది అక్కడ్నే. కొత్త పట్టీ వేసి, కింద రంగు గీకి బిగిస్తే బ్యాటరీ మీద 14.2 వచ్చింది.

డైనమో అంటే యాదికొచ్చింది, ఇది కోపంతోనే చెప్తున్న. మనం అలవాటుకొద్దీ డైనమో అంటం గని ఇప్పటి బండ్లల్ల ఉన్నది ఆల్టర్నేటర్. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ టెర్మినల్ పీకి ఛార్జింగ్ చూసుడు బంద్ చెయ్యుండ్రి! పీకిన క్షణంల వోల్టేజ్ ఎగబాకి బండిల ఉన్న కంప్యూటర్ కాలొచ్చు. మీద నుంచి బ్యాటరీల హైడ్రోజన్ లేస్తది, ఒక్క నిప్పురవ్వకు మొఖం మీదనే పేలుతది. మీకు పిల్లలున్నరు, నాకు మీరున్నరు. వినుండ్రి.

మేడారం జాతరల రాత్రంతా లైట్లు, పాటలు పెట్టి పొద్దున సెల్ఫ్ తీస్తలేదంటే ఛార్జ్ పెట్టిస్తే సరిపాయె. తాళమేసిన బండి రెండు రోజులకే దిగుతుంటే అది వేరే కథ. మైనస్ తీగ మధ్యల ఆంపియర్ల మీటర్ పెట్టి, బండి నిద్రపోయేదాక, అంటే లోపలి కంప్యూటర్లు బంద్ అయ్యేదాక, ఆగుండ్రి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసుకుంట పోవాలె. ఏది తీస్తే మీటర్ల అంకె పడిపోతదో, కరెంటు తాగేది ఆ లైన్ల ఉన్నది. ఇగ మన రామగుండం దిక్కు ఎండలు ఎరుకే కద, బ్యాటరీ ఆయుష్షును తినేది ఆ వేడే. నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే, బోరు నీళ్లు కాదు.

ఆ కాక సంగతి పూర్తి చెయ్యలె. పట్టీ బిగించినంక చాన సేపు బానెట్ కాడనే నిలబడి ఒకటే అడిగిండు: "మరి మొదటి బ్యాటరీ మంచిదేనా బిడ్డా?" అది ఎప్పుడో పాత సామాన్ల తూకానికి పోయింది. నేను జవాబు చెప్పలేకపోయిన.

గేటు కాడ పూలదండలేసుకొని మన బండ్లే ఉన్నయ్. బానెట్లు ఎత్తుండ్రి. మీటర్ తెచ్చిన, ముందు ఎర్త్ చూద్దాం.