గువ్వలచెరువు ఘాట్ ఎక్కే ముందు: వెనక మనిషితో మొదటి ప్రయాణం

అందరికీ నమస్కారం. ఈరోజు వీడియోకి కారణం మా మేనల్లుడు. వాడికి పెళ్లయి నెల కూడా కాలేదు. మొన్న కడపలో మా ఇంటికి వచ్చి, "మామా, ఈ ఆదివారం ఆ పిల్లను బండి మీద రాయచోటికి, వాళ్ల పుట్టింటికి తీసుకుపోతున్నా. దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి, ఏం ఇబ్బంది ఉండదు కదా?" అన్నాడు. బండి వాడికి కొత్త కాదు, ఆరేళ్లుగా నడుపుతున్నాడు. "వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఎంత దూరం పోయినావురా?" అంటే, ఊళ్లోనే కోటిరెడ్డి సర్కిల్ దాకా ఫ్రెండ్‌తో టీకి పోయానని చెప్పాడు. టీకి పోవడం లెక్కలోకి రాదు.

నేను వద్దు అనలేదు. ముందు నా సంగతి చెప్పాను. మీకూ చెబుతా, పరువు పోతే పోనీ.

మా అమ్మను మొదటిసారి బండి మీద ఒంటిమిట్ట గుడికి తీసుకెళ్లాను. దారంతా నలభై దాటలేదు. రోడ్డు మీద ఏమీ కాలేదు. గుడి దగ్గర ఆపుతున్నాను. బండి ఇంకా పూర్తిగా ఆగలేదు, ఎడమ కాలు కంకర మీద పెట్టబోతున్నాను. అమ్మ "వచ్చేశాం కదా" అని దిగేసింది. చీర కట్టుకుని, రెండు కాళ్లూ ఎడమ పక్కకే వేసి కూర్చుంది కాబట్టి దిగేటప్పుడు ఆమె బరువంతా ఎడమకే వచ్చింది. బండి అటే ఒరిగింది, కంకర మీద నా కాలు జారింది. అమ్మ, నేను, బండి, సంచిలో కొబ్బరికాయ, అందరం కింద. అమ్మ మోచేయి గీరుకుపోయింది. లేచి ఆమె అన్న మొదటి మాట, "దేవునికి బయటే కొట్టేసినావు కదరా."

ఆ రోజు నుంచి నేను స్పీడు కంటే ఎక్కువగా భయపడేది ఎక్కడం, దిగడం గురించే. చక్రాలు తిరుగుతున్నంతసేపూ బండి చాలావరకు దానంతట అదే నిలబడుతుంది. ఆగగానే బరువంతా మన ఒక్క కాలి మీద పడుతుంది. స్ప్లెండర్ లాంటి బండి బరువు 110 కిలోలకు కొంచెం అటూఇటూ ఉంటుంది. దాని మీద 60 కిలోల మనిషిని, అదీ సీటు ఎత్తులో, వెనక చక్రం దగ్గర కూర్చోబెడుతున్నాం. ఒంటరిగా ఉన్నప్పుడు బొటనవేలితో ఆపుకున్న బండి ఇప్పుడు పాదం మొత్తం ఆనించినా ఆగదు.

కాబట్టి ఎక్కే పద్ధతి ఇది, వీడియోలో చూడండి. ముందు నేను కూర్చుంటాను. సైడ్ స్టాండ్ తీసేస్తాను. రెండు కాళ్లూ నేల మీద, ముందు బ్రేకు పట్టుకుని ఉంటాను. వెనక ఫుట్‌రెస్ట్‌లు ముందే తెరిచి పెడతాను. అప్పుడు "ఎక్కు" అంటాను. నేను అన్న తర్వాతే ఎక్కాలి, ఎడమ వైపు నుంచే ఎక్కాలి. చాలా బండ్లకు సైలెన్సర్ కుడి పక్కన ఉంటుంది, పిక్క కాలితే ఆ మచ్చ చాన్నాళ్లు పోదు. దిగేటప్పుడు కూడా అంతే. నేను రెండు కాళ్లూ పెట్టి, బ్రేకు పట్టుకుని, "దిగు" అన్నాకే. మా అమ్మకి ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ కొబ్బరికాయ గుళ్లోకి పోయేది.

చీరతో ఒక పక్కకు కూర్చోవడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోవడమే మంచిది. కొత్త పెళ్లికూతురికి చుడీదార్ వేసుకోమంటే ఎవరూ ఏమీ అనరు. మా అమ్మ తరం వాళ్లు మాత్రం మాట వినరు, వాళ్లతో వాదించి లాభం లేదు. అలాంటప్పుడు బండికి చీర గార్డు ఉందో లేదో చూడండి. కొందరు కుర్రాళ్లు స్టైల్ కోసం దాన్ని పీకేస్తారు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన దీని గురించే. వెనక కూర్చున్న వాళ్లకు పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్ట్, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు ఉండాలని అందులో ఉంది. గార్డు ఉన్నా సరే, కొంగు నడుముకు దోపుకోవాలి. చున్నీ మెడకు చుట్టుకోకూడదు, కొసలు ముడేసి ఒళ్లో పెట్టుకోవాలి. బుర్ఖా అంచూ అంతే. ఇది చెప్పడానికి మొహమాటపడకండి.

బండి సంగతి తొందరగా చెప్పేస్తా. ఇద్దరికీ గాలి వేరు, ఒక్కరికి వేరు. ఎంత ఉండాలో బండి మీద స్టిక్కర్‌లోనో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. వెనక టైరుకు ఇద్దరి లెక్కన కొట్టించండి. వెనక షాక్ అబ్జార్బర్లు గట్టిపరిచే వీలుంటే మెకానిక్‌తో ఒకటి రెండు మెట్లు పెంచించండి. వెనక భాగం కుంగితే హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. వాడికి కనపడకపోతే ప్రమాదం మనకే. మనిషి ఎక్కి కూర్చున్నాక అద్దాలు మళ్లీ సరిచూసుకోండి.

ఇక బ్రేకు. ఒంటరిగా పోయేటప్పటి అలవాటుతో ముందు బ్రేకు టక్కున నొక్కితే వెనక మనిషి హెల్మెట్ వచ్చి మన హెల్మెట్‌కు కొట్టుకుంటుంది. ఆ శబ్దం వచ్చిందంటే తప్పు మనదే. ఇద్దరి బరువుతో ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ముందున్న బండికి రెట్టింపు ఎడం ఇవ్వండి, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పిండండి. వెనక చక్రం మీద బరువు ఉంది కాబట్టి వెనక బ్రేకు ఇప్పుడు మామూలు కంటే బాగా పట్టుకుంటుంది.

వెనక కూర్చున్న వాళ్ల పని కూడా తక్కువేం కాదు. మలుపులో బండి ఒరిగితే భయపడి ఎదురు పక్కకు వంగుతారు, అప్పుడు బండి మనం అనుకున్న దారిలో తిరగదు. "మలుపు ఎటుంటే ఆ పక్క భుజం మీదుగా రోడ్డు చూడు" అని చెప్పండి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు, ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుంది. మన భుజాలు పట్టుకోకూడదు, హ్యాండిల్ కదులుతుంది. నడుమో, వెనక పిడో పట్టుకోవాలి. వేగం ఎక్కువైతే తొడ మీద రెండుసార్లు తట్టమనండి. గాలిలో అరిచినా వినపడదు.

హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. చట్టం కూడా అదే. 2019 సవరణ తర్వాత హెల్మెట్ లేకపోతే 1000 రూపాయల జరిమానా, 3 నెలల పాటు లైసెన్సు రద్దు. ముగ్గురు ఎక్కితే కూడా అంతే. నాలుగేళ్ల లోపు పిల్లలుంటే హెల్మెట్‌తో పాటు వాళ్లను నడిపేవాళ్లకు కట్టే బెల్టు కావాలి, వేగం 40 దాటకూడదు. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర పోలీసు కనపడగానే మోచేతికున్న హెల్మెట్ నెత్తికి ఎక్కించే వాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇప్పుడు ఘాట్. కడప నుంచి పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. ఎక్కేటప్పుడు వెనక బరువుతో ముందు చక్రం తేలికవుతుంది, కాబట్టి యాక్సిలేటర్ గుంజకండి. లారీ వెనక ఆగాల్సి వస్తే దూరంగా ఆగండి, అది వెనక్కి జారవచ్చు. మళ్లీ కదిలేటప్పుడు ఎడమ కాలు నేల మీద, కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంచాలి. క్లచ్ పట్టిందని తెలిశాకే బ్రేకు వదలాలి. ఇది రాకపోతే ఘాట్‌కి పోవద్దు. దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరు వేసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించుకోండి. న్యూట్రల్‌లో పెట్రోలు మిగులుతుందని జారవిడిచే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. బ్రేకు అదే పనిగా తొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. వెనక మనిషి మన మీదకు జారుతుంటారు, అందుకే వాళ్లు వెనక పిడిని గట్టిగా పట్టుకోవాలి. పైనుంచి లారీ వస్తుంటే దాని ముందు ఉండకండి, పక్కకు తప్పుకుని పోనివ్వండి.

ఇంకొకటి మన సీమకు సంబంధించింది. కోతల కాలంలో పల్లెల దగ్గర రోడ్డు మీదే కొర్రలో, కందులో పరుస్తారు. వాటి మీద ఇద్దరితో బ్రేకు వేస్తే గోలీల మీద వేసినట్టే. ముందే వేగం తగ్గించి, తిన్నగా పోండి.

మేనల్లుడు ఆ ఆదివారం పోలేదు. ఆ రోజు పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌లో ఇద్దరూ ఎక్కడం, దిగడం, ఎనిమిది ఆకారంలో తిరగడం చేశారు. మరుసటి ఆదివారం ఒంటిమిట్ట వెళ్లొచ్చారు. మూడో ఆదివారం రాయచోటి. సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మాయే ఎత్తింది. "చిన్నాయనా, గువ్వలచెరువులో పాల్కోవా కోసం ఆగాం. దిగనా అని అడిగితే ఈయన అద్దాలు చూసుకుంటూ అట్లనే కూర్చున్నాడు. దిగమని చెప్పేలోపల ముందున్నవాళ్లు అంతా కొనుక్కుని పోయినారు" అంది.