మళ్ళీ యోయో పడుతున్నారా? ముందు ఏది కొనాలి

నమస్కారం. ఈ రోజు బల్ల మీద నాలుగు యోయోలు పెట్టాను. చిన్నప్పుడు ఆడి, చదువులూ ఉద్యోగాల్లో పడి మరచిపోయి, ఇప్పుడు మళ్ళీ చేత పట్టాలనుకుంటున్నవారి కోసం ఈ వీడియో. కొత్తగా నేర్చుకునే పిల్లలకూ పనికివస్తుంది గానీ, నా మనసులో ఉన్నది తిరిగి వస్తున్న పెద్దవాళ్ళే. వాళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చేతికి పాత ఆట గుర్తుంటుంది. బజారులో దొరికే యోయో మాత్రం మారిపోయింది.

నాకు జరిగింది చెబుతాను. బడి రోజుల్లో తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్ యోయోతో ఆడేవాడిని. కిందికి విసిరితే కాసేపు తిరిగేది, వేలితో చిన్నగా లాగితే టక్కున అరచేతిలోకి వచ్చేది. రెండేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో ఒక అల్యూమినియం యోయో తెప్పించుకున్నాను. చేతిలో బరువుగా, అందంగా ఉంది. విసిరాను. అడుగున గిర్రున తిరుగుతోంది. లాగాను, రాలేదు. గట్టిగా లాగాను, అయినా రాలేదు. మూడు రోజులు కష్టపడి, సరుకులో లోపం ఉందనుకుని తిరిగి పంపడానికి డబ్బాలో పెట్టేశాను. ఆ యోయోలో ఏ లోపమూ లేదు. లాగినా రాకుండా ఉండేలా తయారైన యోయో అది.

ఇప్పుడు వస్తున్న యోయోల్లో రెండు జాతులు ఉన్నాయి. లాగితే వచ్చేవాటిని రెస్పాన్సివ్ అంటారు, లాగినా రానివాటిని అన్‌రెస్పాన్సివ్ అంటారు. రెండో రకాన్ని పైకి రప్పించాలంటే బైండ్ అనే ఎత్తు వేయాలి. దారాన్ని మడిచి, ఆ మడతను తిరుగుతున్న యోయో రెండు సగాల మధ్య సందులోకి వదిలితే, లోపల చిక్కుకుని చుట్టుకుంటూ పైకి వస్తుంది. దారం మీద యోయోను ఆడించే కష్టమైన విద్యలకు ఇది అవసరం. మధ్యలో దారం కాస్త బిగిసినప్పుడల్లా యోయో చేతికి వచ్చేస్తుంటే ఆ విద్యలు సాగవు. కానీ మన చేతులకు తెలిసింది లాగడం ఒక్కటే. అందుకే మొదటి యోయో లాగితే వచ్చేదై ఉండాలి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేసినవాళ్ళు ఆటే మానేస్తారు. నేను దాదాపు మానేశాను.

ఇప్పుడు ఒకటి విప్పి చూపిస్తాను. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, చూడండి. రెండు సగాలనూ మరమేకులా తిప్పితే విడిపోతాయి. మధ్యలో ఇరుసు, దాని మీద ఈ చిన్న ఉక్కు చక్రం బేరింగ్. దారం ఇరుసును తాకదు, బేరింగ్ చుట్టూ ఉంటుంది. ఇటూ అటూ గోడలకు అంటించిన ఈ మెత్తని సిలికాన్ బిళ్ళలను చూడండి. దారం వీటికి తగిలితేనే యోయో దాన్ని పట్టుకుని పైకి చుట్టుకుంటుంది. ఎక్కువ యోయోల్లో వాడే బేరింగ్ వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, వెడల్పు 4.76 మిల్లీమీటర్లు. దీని బదులు అదే వ్యాసంతో దాదాపు సగం వెడల్పున్న సన్న బేరింగ్ వేస్తే రెండు గోడలూ దగ్గరవుతాయి, దారం బిళ్ళలకు రాసుకుంటుంది. అప్పుడు లాగితే వస్తుంది. తేడా అంతా ఆ రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉంది.

ఇక ఒక్కొక్కటే చూద్దాం. మొదటిది డంకన్ బటర్‌ఫ్లై. దీనిలో బేరింగ్ లేదు, దారం నేరుగా ఇరుసు మీదే తిరుగుతుంది. దీని వెనక మంచి చరిత్ర ఉంది. ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వెళ్ళిన పెడ్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో యోయోల కంపెనీ పెట్టారు. ఆయన అమ్మిన యోయోల్లో దారాన్ని ఇరుసుకు ముడి వేయలేదు, ఉచ్చులా తగిలించి వదిలేశారు. యోయో కింద నిలిచి తిరగగలుగుతోందంటే ఆ ఉచ్చు వల్లే. తరవాత ఆయన వ్యాపారాన్ని డొనాల్డ్ డంకన్ కొన్నారు. ఈ బటర్‌ఫ్లై నాకు ఎంతో ఇష్టం. విసురు సూటిగా లేకపోతే వెంటనే తెలిసిపోతుంది, మణికట్టుకు ఇంతకన్నా మంచి గురువు లేదు. అయితే కింద తిరిగే సమయం చాలా తక్కువ. ఏళ్ళ తరవాత వచ్చినవారికి మొదటి వారంలో కావలసింది కాస్త వెసులుబాటు, అది దీనిలో దొరకదు. రెండో యోయోగా తప్పకుండా కొనండి.

రెండోది యోమెగా బ్రెయిన్. దీని లోపల స్ప్రింగులతో పనిచేసే క్లచ్ ఉంది. వేగంగా తిరుగుతున్నంత సేపు ఆ క్లచ్ చేతులు విచ్చుకుని ఉంటాయి, వేగం తగ్గగానే మూసుకుని ఇరుసును పట్టుకుంటాయి, యోయో తనంతట తానే పైకి వస్తుంది. ఆరేడేళ్ళ పిల్లవాడికి కొనిపెడితే వాడి ముఖంలో వెలుగు చూడాలి. పెద్దవాళ్ళకు వద్దంటాను. ఎప్పుడు రావాలో యోయోనే నిర్ణయిస్తుంటే మన చేయి ఏమీ నేర్చుకోదు. ఉయ్యాల విద్య మొదలుపెట్టి, దారాన్ని త్రికోణంగా పట్టుకుని ఊపేలోపే అది ఎగిరి వచ్చేస్తుంది.

మూడోది యోయోఫ్యాక్టరీ రీప్లే ప్రో. దీన్ని చూపించడానికి కారణం ఉంది. ప్లాస్టిక్ అయితే కొత్తవాళ్ళది, లోహమైతే ఆరితేరినవాళ్ళది అని చాలామంది అనుకుంటారు. ఇది ప్లాస్టిక్కే, అయినా లాగితే రాదు. 2014లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో గెలిచిన జెంట్రీ స్టెయిన్ పేరు మీద వచ్చిన యోయో ఇది. బైండ్ వచ్చినవారికి చక్కటి యోయో. మొదటిరోజు వారికి కాదు. కొనేటప్పుడు వస్తువు దేనితో చేశారని కాకుండా, వివరాల్లో రెస్పాన్సివ్ అని రాశారా లేదా అని చూడండి. ఆ మాటే లేకపోతే అమ్మేవారిని అడగండి.

నాలుగోది నేను మీకు చెప్పదలచుకున్నది, యోయోఫ్యాక్టరీ వన్. డబ్బాలో రెండు బేరింగులు వస్తాయి, ఇందాక చూపిన సన్నది ఒకటి, వెడల్పుది ఒకటి. సన్నది వేసుకుని ఆడితే బడి రోజుల నాటి యోయోనే, కాకపోతే బేరింగ్ ఉంది కాబట్టి కింద ఎక్కువసేపు తిరుగుతుంది. ఇదిగో, విసురుతున్నాను... వింటున్నారా ఆ సన్నని గీరుడు శబ్దం? దారం బిళ్ళలకు రాసుకుంటోంది. లాగుతున్నాను, వచ్చింది. చేయి పాత లయ అందుకున్నాక బేరింగ్ మార్చి, అదే యోయోతో బైండ్ సాధన చేసుకోవచ్చు. ప్లాస్టిక్ కాబట్టి కుక్కను నడిపించినట్టు నేల మీద దొర్లించినా బెంగ లేదు. పోటీ యోయోలంత సాఫీగా తిరగదు, గట్టిగా విసిరితే చేతికి కొద్దిగా అదురు తెలుస్తుంది. అది నిజమే. అయినా నేను ఎవరికైనా కొనిపెట్టాలంటే ఇదే కొంటాను.

బేరింగ్ మార్చాక దారం చుట్టడం దగ్గర చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే దారం జారిపోతూ ఉంటుంది. దానికి ఉపాయం ఇది. చూపుడువేలిని సందు మీద అడ్డంగా పెట్టి, మొదటి చుట్టు వేలి మీదుగా వేయండి. తరవాత రెండు మూడు చుట్లు వేలి కింద నుంచి వేసి, వేలు తీసేయండి. ఇక మామూలుగా చుట్టుకుంటూ పోవచ్చు.

దారం సంగతి కూడా చెప్పాలి. యోయోను పాదం పక్కన నేల మీద ఉంచి దారాన్ని పైకి లాగి పట్టుకుంటే వేలి ఉచ్చు బొడ్డు దగ్గరికి రావాలి. కొత్త దారం దీనికంటే పొడవుగా ఉంటుంది, కత్తిరించుకోండి. చిన్నప్పుడు సరిపోయిన పొడవు ఇప్పుడు సరిపోదు, మనం పెరిగాం కదా. పాలియెస్టర్ దారం బేరింగ్ యోయోలకు బాగుంటుంది. చెక్క ఇరుసు యోయోలకు మాత్రం నూలు దారమే వాడండి, రాపిడి వేడికి పాలియెస్టర్ కరిగిపోతుంది. ఆడుతూ ఉంటే దారం మెలికలు పడుతుంది. అప్పుడు వేలి నుంచి తీసి, యోయోను గాలిలో వేలాడదీస్తే దానంతట అదే విప్పుకుంటుంది. పోగులు లేచిన దారాన్ని ఆ రోజే మార్చేయండి. తెగితే యోయో ఎటు వెళ్తుందో చెప్పలేం.

పైన ఫ్యాను, ఎదురుగా టీవీ ఉన్న గదిలో మొదలుపెట్టకండి. నేను సాయంత్రం డాబా మీదికి వెళ్తాను. ఉచ్చును మధ్యవేలికి మొదటి, రెండో కణుపుల మధ్య బిగించి, అరచేయి పైకి తిప్పి, కండ చూపిస్తున్నట్టు మోచేతిని మడిచి విసరండి. దారం యోయో పై వైపు నుంచి ముందుకు వెళ్ళేలా చూసుకోండి. మొదటి రోజు కింద నిలిపి, లాగి పట్టుకోవడం ఒక్కటే చేయండి. వచ్చే వీడియోలో బైండ్‌ను నెమ్మదిగా, వేళ్ళు దగ్గరగా కనిపించేలా చూపిస్తాను. అప్పటిదాకా వెడల్పు బేరింగ్‌ను డబ్బాలోనే ఉంచండి.