పనస పిక్క ఎండకూడదు, సరుగుడు గింజ ఎండాలి

[దృశ్యం: చేటలో సరుగుడు కాయలు, పక్కన గిన్నెలో పనస పిక్కలు]

నమస్కారమండీ. శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా పెరట్లోంచి మాట్లాడుతున్నాను. ఈ రెండింటిలో ఒకటి ఎండితేనే నిలవుంటుంది, రెండోది ఎండిందా, చచ్చినట్టే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతంలో జీడి, పనస, కొబ్బరి చెట్లని కూల్చేశాక అందరం మొక్కల కోసం వెతికాం. మరుసటి వేసవిలో నేను పనస పిక్కల్ని డాబా మీద వారం రోజులు ఎండేసి, డబ్బాలో పోసి మూత బిగించాను. వానలు పడ్డాక నాటితే ఒక్కటీ మొలవలేదు. మా అప్ప చూసి, "కూరకి ఎండేసినావా, మొక్కకి ఎండేసినావా?" అంది.

పనస, మామిడి లాంటివాటికి తేమే ప్రాణం. పండు కోసిన రోజే పిక్క మీది జిగురు పొర కడిగేసి నాటెయ్యండి. ఆగాల్సొస్తే నీడన, చెమ్మగా ఉన్న ఇసుకలో కప్పిపెట్టండి. అదైనా నెల దాటనివ్వొద్దు.

[దగ్గరి షాట్: అరచేతిలో సరుగుడు కాయ]

ఇక సరుగుడు. కాయ పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతున్నప్పుడే కొయ్యాలి. నోళ్లు తెరిచాక వెళ్తే మిగిలేది ఖాళీ డొప్పే. నాలుగైదు మంచి చెట్ల నుంచి కోసుకోండి, రోడ్డు పక్క వంకర చెట్టు చేతికందుతోంది కదాని దానివే దులపకండి. గుడ్డ మీద పల్చగా పరిచి ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో పిచ్చుక పిల్లల్లా నోళ్లు తెరుస్తాయి. ఇదిగో, చిన్న రెక్క కట్టుకున్న ఈ గింజ చూడండి. ఊదితే ఎగిరిపోతుంది, అందుకే పైన పల్చటి గుడ్డ కప్పాలి. చీమలకి కూడా ఇదంటే మహా ఇష్టం, చుట్టూ బూడిద గీత గీస్తాను.

సాయంత్రం కాకముందే లోపల పెట్టేయండి. సముద్రం గాలికి రాత్రంతా బయటుంటే, పగలు ఎండింది మళ్లీ చెమ్మెక్కిపోతుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే నిలవ కాలం సుమారు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రం లెక్క. 14 నుంచి 5 శాతం మధ్య ఆ లెక్క పనిచేస్తుంది.

[దృశ్యం: గాజు సీసా, ఉప్పు]

తేమ కొలిచే మిషన్ మన దగ్గర ఉండదు కదా. పొడి సీసాలో ఎండిన మెత్తటి ఉప్పు కొంచెం, ఒక చెంచా గింజ వేసి బాగా ఊపి, పావుగంట ఆగండి. సీసా గోడకి ఉప్పు అంటుకుందా, తేమ ఇంకా 15 శాతం పైనే ఉందన్నమాట. అంటుకోకపోయినా ఇంకో రెండెండలు చూపించండి. ఆ చెంచాడు గింజ మాత్రం పారెయ్యడమే.

వేప ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పళ్లు కుప్పపోస్తే వేడెక్కి పులిసిపోతాయి. ఏరిన రోజే ఇసుకేసి నలిపి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టండి. గాలాడే గుడ్డ సంచిలో ఉంచండి, పాలిథిన్ వద్దు. మామూలు ఇంట్లో రెండు మూడు వారాలకే మొలక తగ్గడం మొదలవుతుంది. అనుమానమొస్తే ఒక గింజ కోసి చూడండి: లోపల పచ్చగా ఉంటే బతికుంది, గోధుమరంగు తిరిగితే పోయింది.

[దృశ్యం: డబ్బా మూత మూస్తూ]

సరుగుడు గింజ చల్లారాక గాలి దూరని డబ్బాలో పోసి, అడుగున వేయించిన బియ్యం చిన్న మూటగట్టి పెడుతున్నాను, మిగిలిన చెమ్మ అది పీల్చుకుంటుంది. చీటీ మీద చెట్టు పేరు, కోసిన తేదీ రాశాను. ఈ డబ్బా ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూలకి వెళ్తోంది, పొయ్యికి దూరంగా.