ఇల్లెవరిది? ఇంట్లో ఎవరుండేవారు?

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? సరే, మొదలుపెడతాను. మైకు మధ్యలో గుర్రుమంటే మీరే కాస్త సర్దుకోవాలి.

నగరంలో ఒక పాత ఇంటి చరిత్ర తవ్వుదామని కూర్చున్న ఎవరైనా ముందు అడిగేది ఒకటే, "ఈ ఇల్లు ఎవరిదండీ?" అని. నేనూ అక్కడే మొదలుపెట్టాను. నాలుగైదు ఇళ్ల సంగతి చూశాక గానీ అందులో రెండు ప్రశ్నలు కలగాపులగంగా ఉన్నాయని తెలిసిరాలేదు. ఇల్లు ఎవరి పేరు మీద ఉండేది అన్నది ఒకటి, ఆ గడప రోజూ దాటినవాళ్లు ఎవరు అన్నది ఇంకొకటి. ఊరు పెద్దదయ్యేకొద్దీ ఈ రెండు జవాబులూ దూరం జరుగుతాయి. సొంతదారు వేరే పేటలో ఉంటాడు, ఒక్కోసారి ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకుని ఉండడు. ఇంట్లో చూస్తే కింద దర్జీ, మేడ మీద ఇద్దరు గుమస్తాలు, వెనక గదిలో వంటామె. దస్తావేజులో కనబడేది మాత్రం ఆ పడుకోని మనిషే.

నా మొదటి పొరపాటు చెప్పేస్తాను, మీకైనా మూడు నెలలు మిగులుతాయి. 47వ నంబరు ఇల్లు, రెండంతస్తుల మేడ. పాత డైరెక్టరీలో ఆ వీధి పేరు కింద 47 ఎదురుగా ఒక డాక్టరు పేరు దొరికింది, ఇక నా సంబరం చూడాలి. ఆయన చదువు, పెళ్లి, పేపర్లో పడ్డ సంతాప వార్త, అన్నీ పోగేశాను. ఇప్పటి ఇంటివాళ్లకి చెప్తే వాళ్లు గోడకి పలక పెట్టిద్దామనే దాకా వెళ్లారు. తర్వాత ఒకరోజు ఆ డాక్టరుగారి విక్రయ దస్తావేజు చేతికొచ్చింది, అందులో చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరం, చదువుతుంటే దక్షిణం హద్దు "సందు" అని ఉంది. మా మేడకి ఏ పక్కా సందు లేదు! ఆ వీధికి మధ్యలో ఎప్పుడో నంబర్లు మార్చారు, పాత 47 అంటే అయిదిళ్ల అవతల మూలమీద ఉండే ఇల్లు. నేను మూడు నెలలు పక్కవాళ్ల పూర్వీకులకి సేవ చేశానన్నమాట. పలక సంగతి వాళ్లూ మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంటి నంబరును నమ్మేముందు అది ఎందుకు పుట్టిందో కాస్త గుర్తుపెట్టుకోండి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1770లో రాణి మరియా థెరీసా ఇళ్లకు నంబర్లు వేయించింది ఉత్తరాలు చేరడానికి కాదు, సైన్యానికి పనికొచ్చే మగవాళ్లను లెక్కపెట్టుకోవడానికి. ఆ నంబర్లు వీధివారీగా కూడా ఉండేవి కావు, వీధివారీ నంబర్లు అక్కడ 1862లో వచ్చాయి. పారిస్‌లో ఇప్పుడు చూసే సరిసంఖ్యలు ఒక పక్క, బేసిసంఖ్యలు ఒక పక్క పద్ధతి 1805 నాటి నెపోలియన్ ఉత్తర్వు. ఇలా ప్రతి ఊళ్లోనూ ఒకటి రెండుసార్లు నంబర్లు తిరగేసే ఉంటారు, వీధి పేర్లు అయితే ఇక చెప్పక్కర్లేదు.

అందుకని ముందు చేయాల్సింది ఈ కాగితంలో ఉన్న ఇల్లూ నా కళ్లముందున్న ఇల్లూ ఒకటేనా అని తేల్చుకోవడం. దానికి నాలుగు హద్దులు, పటం, పాత ఫొటో ఈ మూడూ కావాలి. అమెరికాలో అయితే శాన్‌బార్న్ పటాలు దేవుడిచ్చిన వరం. 1867 నుంచి అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం గీశారు, ఇటుక కట్టడం గులాబీ రంగు, చెక్క కట్టడం పసుపు. బీమావాడికి కావాల్సింది ఏది త్వరగా అంటుకుంటుందో అంతే, మనకేమో వెనక వంటగది ఎప్పుడు చేరిందో కూడా తెలిసిపోతుంది. న్యూయార్క్‌లో ఇంకా విడ్డూరం, 1939 నుంచి 1941 మధ్య పన్ను మదింపు కోసం నగరంలోని అయిదు బరోల్లోనూ (అంటే విభాగాల్లోనూ) ఒక్కో భవనానికీ ఫొటో తీసి పెట్టారు. పన్ను వేసేవాడంత ఓపిగ్గా ఇంటిని ఎవరూ చూడరు, ప్రేమించినవాడు కూడా.

సొంతదారుల వరస పట్టుకోవడం నిజానికి తేలిక. ఇప్పటివాళ్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో లింకు డాక్యుమెంటూ, అంటే అంతకుముందు దస్తావేజూ, పట్టుకుని వెనక్కి పోవడమే. మన దేశంలో 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇండెక్స్ 1 మనుషుల పేర్లతో, ఇండెక్స్ 2 ఆస్తి వివరాలతో ఉంటాయి, రుసుము కడితే వాటిని ఎవరైనా చూడొచ్చు, "మీకెందుకండీ" అనే హక్కు ఎవరికీ లేదు. ఈసీ, అంటే ఆస్తిమీద జరిగిన రిజిస్టరు లావాదేవీల జాబితా ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసేది కూడా వీటిలోంచే. కానీ ఈసీ చేతికొచ్చింది కదాని ధీమాగా ఉండకండి. తండ్రి పోయి కొడుకుకి వచ్చిన ఇల్లు అందులో కనబడదు, ఎందుకంటే అక్కడ రిజిస్టరు చేయడానికి లావాదేవీ ఏమీ జరగలేదు. వీలునామా రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు. అందువల్ల నలభై ఏళ్లు ఒక్క ఎంట్రీ కూడా లేకుండా ఖాళీ వచ్చిందంటే ఏమీ జరగలేదని కాదు, లోపల రెండు చావులూ ఒక కోర్టు కేసూ ఉండొచ్చు.

ఇక అద్దెకున్నవాళ్లు. అసలు కష్టం ఇక్కడే. అదే చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయాలి. అందుకే పదకొండు నెలల అగ్రిమెంటు పుట్టింది. తలా పదకొండు నెలల కాగితాలతో ఒక ఇంట్లో పాతికేళ్లలో పదిహేను కుటుంబాలు గడిపి వెళ్లినా రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక్కరి పేరూ ఉండకపోవచ్చు. నాలుగు స్టాంపు డబ్బులు మిగుల్చుకుందామని చేసిన పని, వాళ్లు ఇక్కడ బతికారన్న ఆనవాలు చెరిపేసింది.

కాబట్టి వీళ్లను వేరే దేనికోసమో రాసిన కాగితాల్లో వెతుక్కోవాలి. జనాభా లెక్కలు ఉన్నచోట అదృష్టవంతులు. ఇంగ్లండ్‌లో 1911 లెక్కల ఫారాలు ఇంటిపెద్ద స్వయంగా నింపినవే ఇప్పటికీ ఉన్నాయి, ఆయన చేతిరాతే. పెళ్లయిన ఆడవాళ్ల గురించి ఒక ప్రశ్న ఉంటుంది: ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు. విధవరాళ్లు ఆ గడి నింపనక్కర్లేదు, అయినా చాలామంది నింపారు. అక్కర్లేదు కదాని గుమస్తా తర్వాత దానిమీద అడ్డంగా గీత కొట్టాడు, గీత కింద అంకె చదవొచ్చు. ఒక ఫారంలో ఎనిమిది, మూడు, అయిదు అని చూశాక ఆ పూటకి ఫైలు మూసేశాను. ఐర్లండ్‌లో 1901, 1911 లెక్కల్లో ఇంకో ఫారం కూడా ఉంటుంది, గోడలు దేనివి, కప్పు దేనిది, ముందువైపు కిటికీలెన్ని. వీధిలో నిలబడి కిటికీలు లెక్కపెట్టి ఇల్లు పోల్చుకోవచ్చు.

లెక్కల్లో ఉన్నదంతా నిజమనీ అనుకోవద్దు. ఆ 1911 ఇంగ్లండ్ లెక్కల రాత్రే ఆడవాళ్ల ఓటుహక్కు కోసం పోరాడుతున్న ఎమిలీ డేవిసన్ పార్లమెంటు భవనంలో ఒక అలమారాలో దాక్కుంది, తన చిరునామా పార్లమెంటు అని రాయించుకోవడానికి. పట్టుబడింది, అక్కడ నమోదైంది. ఇటు డేవిసన్ అద్దెకుండే ఇంటి యజమానురాలు కూడా తన ఇంట్లో ఉంటుందని ఆమె పేరు రాసేసింది. ఒకే మనిషి, ఒకే రాత్రి, రెండు చిరునామాలు! అలాగే దొరకనివాటి సంగతీ తెలిసుండాలి: ఇంగ్లండ్, వేల్స్ 1931 లెక్కలు 1942లో తగలబడిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే జరగలేదు. అమెరికా 1890 లెక్కలు 1921 మంటల్లో చాలావరకు పాడైపోయాయి. మన దేశంలో మంట అక్కర్లేదు, 1948 సెన్సస్ చట్టమే మనిషి మనిషి వివరాలున్న కాగితాలను ఎవరూ చూడడానికి వీల్లేదంటుంది.

బెర్లిన్ అడ్రసు పుస్తకాలు నాకు చాలా ఇష్టం. 1799లో మొదలై 1943 దాకా వచ్చాయి. వీధి వీధికీ ఇల్లు ఇల్లుకీ పేర్లుంటాయి, సొంతదారు ముందు E అనే అక్షరం (జర్మన్‌లో సొంతదారుకి గుర్తు), కింద అద్దెకున్నవాళ్లు, పక్కన వృత్తి. నేను మొదట్నుంచీ అంటున్న రెండు ప్రశ్నలకీ ఒకే పేజీలో జవాబు. అద్దెకుండేవాళ్ల దగ్గర మళ్లీ అద్దెకుండేవాళ్లు మాత్రం ఉండరు, ఇంటిపెద్ద పేరు తప్ప భార్యాబిడ్డలవీ ఉండవు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933 నుంచి ఒక్కో ఏడాది పుస్తకం తిప్పుతూ పోతే కొన్ని ఇళ్ల కింద కొన్ని పేర్లు ఒక ఏడు ఉండి మరుసటి ఏడు ఉండవు. పుస్తకం ఎందుకో చెప్పదు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు నాజీలకు బలైనవాళ్లు ఉండిన అలాంటి ఇళ్లముందు నేలలో పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలు పొదుగుతూ వచ్చాడు, 2023 నాటికి అవి లక్ష దాటాయి. చాలావాటి మీద మొదటి మాట "ఇక్కడ నివసించారు". ఇల్లు ఎవరిదో ఆ పలక అడగదు.

చివరగా ఒక కిటుకు, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మీ ఇంటి దస్తావేజులు అయిపోయాక పక్కింటివాళ్లవి అడిగి చూడండి. వాళ్ల హద్దుల్లో మీ ఇల్లు ఉంటుంది కదా. మా మేడ ఇరవై ఎనిమిదేళ్లు ఒక వ్యాపారి పేరు మీద ఉంది, ఆ కాలమంతటికీ నా దగ్గరున్నది ఆయన సంతకం ఒక్కటే. దక్షిణం వైపు ఇంటి దస్తావేజు తెరిస్తే అందులో ఉత్తరం హద్దు కింద వ్యాపారి పేరు లేదు. "మంత్రసాని కాపురముండు మేడ" అని ఉంది. పేరు రాయలేదు, ఆ పక్కన ఉన్నవాళ్లకి రాయాల్సిన అవసరం లేదు మరి. ఆమె కోసం ఇప్పుడు జనన రిజిస్టర్లు చూస్తున్నాను, రెండు దొంతరలు అయ్యాయి, ఇంకో అయిదు ఉన్నాయి.

ప్రశ్నలుంటే అడగండి. ఈసీ ఫీజు ఎంతని మాత్రం నన్నడక్కండి, అది బయట ఉన్న కుర్రాడికి నాకన్నా బాగా తెలుసు.