నెత్తురు నిలిచే మూల

వేదిక మీది పెద్దలకు, చివరి వరసలో ఫోన్లు చూసుకుంటున్న మెకానికల్ పిల్లలకు నమస్కారం. ప్రపంచ కిడ్నీ దినం కదా, నీళ్లు బాగా తాగమని చెప్పి దిగిపొమ్మన్నారు. మాది కవిటి దగ్గర. కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టిన ఉద్దానం వాడికి ఆ మాట అనడానికి నోరు రాదు. నీళ్లా, ఎండా, పురుగుమందులా, ఈ జబ్బు దేనివల్లో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు.

సరే, సిమ్యులేషన్, అంటే నెత్తురు ఎలా పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టి చూడటం. అమెరికాలో శువో రాయ్, విలియం ఫిసెల్ బృందం ఒంట్లో అమర్చే కిడ్నీ కోసం సిలికాన్ జల్లెడ చేసింది. దాని రంధ్రాలు నానోమీటర్ల వెడల్పు చీలికలు. పంపు ఉండదు, గుండె తోసే ఒత్తిడే ఆధారం. మరి నెత్తురు గడ్డకడితే?

ఇక్కడ మా మావయ్య సంగతి చెప్పాలి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. ఒకరోజు అయ్యాక సిస్టర్ నెత్తురు వడకట్టే డయలైజర్ విప్పింది. లోపల దారాల్లాంటి గొట్టాలు వేలల్లో ఉంటాయి. మధ్యవి తెల్లబడ్డాయి, అంచు వెంట ఎర్రగా ఉండిపోయాయి. "ఇదేటల్లుడా, నా నెత్తురు ఇందులోనే ఉండిపోనాది? నీళ్లెలా పారతాయో చదివినావు కదా, చెప్పు" అన్నాడు. అప్పటికి నాకు పంపు రెక్కల లెక్కలే తెలుసు. చెప్పలేకపోయాను.

పంటకాలువ మలుపులో నాచు ఎక్కడ పడుతుంది? నీరు నిలిచే మూలనే. డయలైజర్ మూతలోనూ అంతే, అంచుల దగ్గర నెత్తురు నెమ్మదిస్తుంది. పోనీ వేగం పెంచుదామంటే, మితిమీరిన ఒరిపిడికి ఎర్రకణాలు చితుకుతాయి, గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి. కంప్యూటర్లో అయితే మలుపు గుండ్రంగా చేసి, సందు వెడల్పు మార్చి, సిలికాన్ ముట్టుకోకముందే వంద ఆకారాలు చూడొచ్చు. రాయ్ బృందం అలా నెత్తురు దారి సరిచేసుకున్నాకే పందుల్లో పెట్టి చూసింది. కంప్యూటర్ నెత్తురు ఎక్కడ ఆగుతుందో చెబుతుంది, గడ్డకడుతుందో లేదో చెప్పదు. ఇంకో మాట, పుస్తకంలోని చిక్కదనం వేసేయకండి. డయాలసిస్ మనిషికి రక్తం తక్కువ, పలచన. మావయ్య రిపోర్టు అంకె వేస్తే నా బొమ్మే మారిపోయింది.

మీలో ఎవరింట్లో డయాలసిస్ ఉంది? చేతులెత్తండి... అమ్మో, ఇంతమందా. దించండి, దించండి.

ఈ ఏడాది నాలుగు ప్రాజెక్టులు కారు మీద గాలి గురించే ఇచ్చారు. ఒక్క బృందం ఆ డయలైజర్ మూతను ప్రాజెక్టుగా తీసుకోండి. డ్రాయింగ్ నా దగ్గరుంది. భోజనాలయ్యాక ల్యాబ్‌లోనే ఉంటాను.