పేలిన చుక్కల జాడ, బాయి అడుగున

వ్యాఖ్యాత: హనుమకొండ నుంచి నమస్కారం. మేడమ్, ఆకాశాన్ని చూడాలంటే గుట్ట ఎక్కుతాం. దూరాన పేలిన నక్షత్రాల న్యూట్రినోల కోసం, అంటే దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాల కోసం, భూమి లోపలికి దిగడమెందుకు?

అధ్యాపకురాలు: మా నాన్నగారు గోదావరిఖనిలో సింగరేణి కార్మికులు. ఆ గనిని మా ఇంట్లో బాయి అనేవారు. బాయిలో తలమీది లైటు ఆర్పేస్తే ముఖం ముందున్న తన అరచెయ్యి తనకే కనబడదని ఆయన చెప్పేవారు. జపాన్‌లోని కమియోకాలో, కిలోమీటరు మందం రాతి కింద, 50,000 టన్నుల స్వచ్ఛమైన నీటితో ఉన్న సూపర్ కమియోకాండే అనే న్యూట్రినోలను పట్టే పరికరానికి కావలసింది అటువంటి చీకటే. అంతరిక్షం నుంచి వచ్చిపడే కాస్మిక్ కిరణాల తాకిడిని కొండ చాలావరకు ఆపుతుంది. న్యూట్రినోకు కొండ ఒక అడ్డే కాదు.

వ్యాఖ్యాత: పేలిన నక్షత్రం న్యూట్రినోలు 1987లోనే దొరికాయి కదా?

అధ్యాపకురాలు: అది సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో పేలిన ఒక్క నక్షత్రం; మూడు పరికరాలకు కలిపి చిక్కినవి రెండు డజన్లే. మన పాలపుంతలో అటువంటి పేలుడు శతాబ్దానికి ఒకటో రెండో. విశ్వమంతటినీ లెక్కలోకి తీసుకుంటే మాత్రం ఎక్కడో ఒకచోట నక్షత్రం కూలుతూనే ఉంటుంది. అలా కూలినప్పుడు వెలువడే శక్తిలో 99 శాతాన్ని మోసుకుపోయే న్యూట్రినోలు వందల కోట్ల ఏళ్లుగా పోగై, విశ్వవ్యాకోచం వల్ల శక్తి తగ్గి, అంతటా పలచగా పరచుకున్నాయి. చదరపు సెంటీమీటరుకు సెకనుకు కొన్ని పదులు వస్తాయని అంచనా. సూర్యుడి నుంచి వచ్చేవేమో 6,000 కోట్లకు పైనే.

వ్యాఖ్యాత: అంత రద్దీలో వీటిని గుర్తుపట్టేదెట్లా?

అధ్యాపకురాలు: అసలు కష్టమంతా అక్కడే ఉంది తమ్ముడూ. వీటిలో ఉండే యాంటీ న్యూట్రినో, అంటే న్యూట్రినోకు ప్రతికణం, నీటిలోని ప్రోటాన్‌ను తాకితే పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌కు ప్రతికణం), న్యూట్రాన్ పుడతాయి. పాజిట్రాన్ వెంటనే మెరుస్తుంది, న్యూట్రాన్ దాదాపు మౌనంగా పోతుంది. అందుకే 2020లో ఆ నీటిలో గాడోలినియం అనే లోహపు లవణం కలిపారు, 2022లో మరికొంత పెంచారు. గాడోలినియం న్యూట్రాన్‌ను మింగి గామా కిరణాలు వెదజల్లుతుంది కనుక, మొదటి మెరుపు తరువాత సెకనులో సుమారు పదివేల వంతుకు రెండవది వస్తుంది. ఉప్పు కలిపి సాక్షిని మాట్లాడించడమన్నమాట. అయినా వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు ఈ జంట మెరుపును అనుకరించగలవు.

వ్యాఖ్యాత: ఇప్పటికి దొరికినట్టేనా?

అధ్యాపకురాలు: 2024లో 2.3 సిగ్మా సూచన కనబడిందన్నారు; ఫలితం కేవలం యాదృచ్ఛికం కాదని ఎంత నమ్మవచ్చో చెప్పే కొలమానం సిగ్మా. ఆవిష్కరణ అనడానికి 5 కావాలి కనుక నేను తొందరపడను. నాకు ఆసక్తి కలిగించేది మరొకటి: కొన్ని నక్షత్రాలు పేలకుండానే కృష్ణబిలాలుగా కూలిపోతాయని అంటారు. టెలిస్కోపుకు వెలుగు చూపని ఆ చావుల న్యూట్రినోలు కూడా ఈ మొత్తంలోనే కలిసి ఉంటాయి.